మావయ్య మిల్లు కంప్యూటరూ, పదకొండో పిన్నూ

తెర మీద పచ్చటి అక్షరాల్లో 1701 అని పడింది. ఫ్లాపీ డ్రైవు ఒకసారి గరగరలాడి ఊరుకుంది.

"ఇదే నెంబరురా చివర్లో కూడా పడింది," అన్నాడు మావయ్య, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఏలూరు నుంచి మెకానిక్కుని పిలిపిస్తే డిస్కు పోయిందన్నాడు. కొత్తదాని రేటు విని, పోన్లే అనుకుని మళ్లీ చిట్టా పుస్తకాలే తీశాం."

తాడేపల్లిగూడెం దగ్గర మా మేనమామ వాళ్ల రైసుమిల్లులో 1989లో కొన్న కంప్యూటరది. పేరూ ఊరూ లేని అసెంబుల్డ్ ఎక్స్‌టీ, అంటే ఐబీఎం పీసీ ఎక్స్‌టీకి నకలు. 8088 ప్రాసెసరు, 640 కేబీ మెమరీ, నొక్కితే 4.77 మెగాహెర్ట్జ్ నుంచి 8కి ఎగిరే టర్బో బటను, ఒక 360 కేబీ ఫ్లాపీ డ్రైవు, 20 ఎంబీ హార్డ్‌డిస్కు. సంక్రాంతికి వెళ్లినప్పుడు అటక సర్దుతూ అత్తయ్య "ఇది పాత ఇనుముకి వేసేద్దామా?" అని అడగడం, నేను నిచ్చెన ఎక్కడం, కిందికి దించేసరికి చొక్కా అంతా ఊకదుమ్ము. వరండాలోనే విప్పి, బ్రష్షుతో దులిపి, సిరీస్ బల్బు పెట్టి కరెంటిచ్చాను. స్లాట్ల పక్కనున్న ఒక టాంటలం కెపాసిటర్ ఫట్‌మని పేలి కాస్త పొగ వచ్చింది. అది పీకేసి మళ్లీ ఆన్ చేస్తే ఇదుగో, 1701. అంటే మెషీను బతికే ఉంది, హార్డ్‌డిస్కు మాత్రం లేవడం లేదు.

అటక మీద ఇంకోటి కూడా దొరికింది. ప్లాస్టిక్ డబ్బాలో ఫ్లాపీలు. డాస్ 3.30 అనే ఆపరేటింగ్ సిస్టం, లెక్కలు దాచుకునే డీబేస్ త్రీ ప్లస్, వాటి వెనక తొమ్మిది ఫ్లాపీలు, ఒక్కోదాని మీద మిల్లు గుమాస్తా గారి గుండ్రటి చేతిరాతతో "బ్యాకప్ 1/9", "2/9" అని. మూడేళ్ల ధాన్యం లెక్కలు. తీరా చూస్తే అవి మామూలుగా కాపీ చేసినవి కావు, డాస్‌లోని బ్యాకప్ కమాండుతో తీసినవి. ఒక్కో ఫ్లాపీలో రెండే ఫైళ్లుంటాయి, బ్యాకప్ అని ఒకటి, కంట్రోల్ అని ఒకటి, చివర ఫ్లాపీ నెంబరు. వాటిని విప్పాలంటే రిస్టోర్ కమాండు కావాలి. అది ఫైళ్లను ఏ డైరెక్టరీ నుంచి తీశారో మళ్లీ అదే డైరెక్టరీలో పెడతానంటుంది. ఆ డైరెక్టరీ ఉండాలంటే హార్డ్‌డిస్కు ఉండాలి.

ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టి కానిచ్చేయొచ్చు, నిజమే. మావయ్య అడిగింది అది కాదు. "ఇందులోనే చూడొచ్చా?" అన్నాడు.

కంప్యూటర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టి, హైదరాబాదు తెచ్చుకున్నాను.

పాత డిస్కులాంటిదే ఇంకోటి వెతకడంలో అర్థం లేదు. దొరికినా దాని వయసూ అంతే. ఆ కాలం డిస్కులు ఎంత అమాయకమైనవంటే, వాటికి తమలో ఏముందో తమకే తెలియదు. తలను ముందుకూ వెనక్కూ జరపడం, చదివిన సిగ్నల్‌ని తీగ మీద వదలడం, అంతే పని. ట్రాకులు, సెక్టర్లు, తప్పొప్పులు చూసుకునేదంతా స్లాట్లో ఉండే కంట్రోలర్ కార్డు. రెంటి మధ్య 34 తీగల రిబ్బను ఒకటి, 20 తీగలది ఒకటి. 615 సిలిండర్లు, 4 తలలు, ట్రాకుకి 17 సెక్టర్లు, సెక్టరుకి 512 బైట్లు. గుణిస్తే 2 కోట్ల 14 లక్షల చిల్లర బైట్లు. ఇప్పుడు ఫోనులో తీసిన ఫొటోలు అందులో నాలుగైదు పడితే గొప్ప.

తర్వాత వచ్చిన ఐడీఈ అనే రకం డిస్కుల్లో ఆ కంట్రోలర్ తెలివంతా డిస్కులోకే పోయింది. పాత కెమెరాల్లో వాడిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డులు కూడా లోపల ఐడీఈ డిస్కులే. కరెంటు వచ్చే వేళకి కార్డు తొమ్మిదో పిన్ను నేలకి, అంటే గ్రౌండుకి, కలిసి ఉంటే అది అచ్చం హార్డ్‌డిస్కులా ప్రవర్తిస్తుంది. కాబట్టి ఎక్స్‌టీ స్లాటుకీ కాంపాక్ట్‌ఫ్లాష్‌కీ మధ్య ఒక కార్డు కావాలి. ఇలాంటివి తయారుచేసి అమ్మేవాళ్లు విదేశాల్లో ఉన్నారు, వాటి సర్క్యూట్లు అందరికీ అందుబాటులో పెట్టినవాళ్లూ ఉన్నారు. నేను ఈసీఈ చదివి, 8085 కిట్టు మీద రెండు సెమిస్టర్లు హెక్స్ నెంబర్లు (పదహారు అంకెల లెక్క, 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా) కొట్టి, ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా టెస్టింగ్ టూల్స్ తప్ప ఏమీ ముట్టని మనిషిని. కొనబుద్ధి కాలేదు.

చిక్కు ఒక్కటే. ఐడీఈ, ఎక్స్‌టీ తర్వాత వచ్చిన ఏటీ కంప్యూటర్ల కోసం పుట్టింది కనుక డేటాని 16 బిట్ల చొప్పున ఇస్తుంది. 8088 లోపల 16 బిట్లదే అయినా బయటికి 8 తీగలే. ఎదుటివాడు రెండు చేతులా అందిస్తుంటే మనం ఒంటిచేత్తో అందుకోవాలి. ఎక్స్‌టీ-ఐడీఈ అని పేరున్న పాత పద్ధతిలో మధ్యలో లాచ్ చిప్పు పెడతారు. ఎడమచేతిలోది ముందు మనం తీసుకుంటాం, కుడిచేతిలోది స్టూలు మీద పెట్టించి తర్వాత వచ్చి తీసుకుంటాం. పని జరుగుతుంది గానీ ప్రతి రెండు బైట్లకీ అటూ ఇటూ తిరగాలి.

కాంపాక్ట్‌ఫ్లాష్‌కి ఒక మంచి గుణం ఉంది. "ఒంటిచేత్తోనే ఇవ్వు" అంటే వింటుంది. సెట్ ఫీచర్స్ అనే కమాండు, హెక్స్‌లో ఈఎఫ్, దానికి 01 అని జత చేసి పంపితే ఆ క్షణం నుంచి 8 బిట్ల చొప్పునే మాట్లాడుతుంది. లాచ్ అక్కర్లేదు, సగం చిప్పులు తగ్గిపోతాయి. మామూలు ఐడీఈ హార్డ్‌డిస్కులు చాలావరకు ఈ మాట వినవు, అందుకని నా బోర్డు కాంపాక్ట్‌ఫ్లాష్‌కి మాత్రమే. నాకదే చాలు.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది, అది నా సొంతం కాదు గానీ అర్థమైన రోజు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. 8088కి "ఈ పోర్టు (పరికరంతో మాట్లాడే అడ్రసు) నుంచి రెండు బైట్లు తే" అని చెబితే అది 300లో ఒక బైటు, 301లో ఒక బైటు వరసగా తెస్తుంది. కానీ డిస్కు డేటా మొత్తం ఒకే రిజిస్టర్లోంచి వస్తుంది కదా. అందుకని అడ్రసు తీగల్లో ఏ0ని కార్డుకి కలపనే కలపరు. ఏ1, ఏ2, ఏ3లని కార్డు తాలూకు మూడు అడ్రసు పిన్నులకి ఇస్తారు. అప్పుడు 300 అన్నా 301 అన్నా కార్డుకి ఒకటే. ప్రాసెసర్ రెండు తలుపులు తడుతున్నానని అనుకుంటుంది, లోపల ఉన్నది ఒకే గది. ఒక తీగ కలపకపోవడం వల్ల వేగం పెరగడం నేను అంతకుముందు చూడలేదు.

మిగతాది అడ్రసు గుర్తుపట్టే పని. పోర్టులకి పీసీ పది అడ్రసు తీగలు వాడుతుంది, ఏ0 నుంచి ఏ9. పై ఐదింటినీ 74ఎల్ఎస్688 అనే పోలిక చూసే చిప్పుకి ఇచ్చి, అటువైపు జంపర్లతో 300 అని పెడితే, హెక్స్ లెక్కలో 300 నుంచి 31ఎఫ్ వరకు 32 అడ్రసులు నావి. ఆ చిప్పు ఒకటో పిన్ను దానికి అనుమతి పిన్ను. అది కిందికి, అంటే సున్నాలో, ఉంటేనే పోలిక చూస్తుంది. నేను చూసిన ప్రతి సర్క్యూట్లోనూ ఆ పిన్నుకి స్లాటులో ఏ వైపు పదకొండో పిన్ను (ఏ11 అంటారు, అడ్రసు తీగ కాదు) నుంచి ఏఈఎన్ అనే తీగ వచ్చి కలుస్తుంది. బస్సు, అంటే అందరూ పంచుకునే తీగల కట్ట, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మెమరీకీ పరికరాలకీ మధ్య డేటా జరిపే పద్ధతి) చేతిలో ఉన్నప్పుడు ఏఈఎన్ పైకి లేస్తుందని పుస్తకంలో ఉంది. నా కార్డు డీఎంఏ వాడదు. బోర్డులో ఆ మూల అప్పటికే తీగలు కిక్కిరిసి ఉన్నాయి, ఏ11ని అక్కడిదాకా తేవాలంటే రెండు చోట్ల కిందికి దిగి పైకి రావాలి. ఒకటో పిన్నుని తీసుకెళ్లి నేలకి కలిపేశాను. రాత్రి పదకొండున్నరకి.

కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బోర్డు గీయడం గురించి ఎక్కువ చెప్పను, నాలుగు ఆదివారాలు పట్టింది. భయమల్లా స్లాటులోకి దిగే 62 బంగారు పళ్ల గురించే. పార్టులుండే వైపు ఏ, టంకం వైపు బీ. అవి తారుమారైతే 12 వోల్టులు పోయి ఏ చిప్పులో పడతాయో తెలీదు. కాగితం మీద అసలు కొలతకి ప్రింటు తీసి, బీరువాలో ఉన్న ఒక పెళ్లి శుభలేఖ అట్టకి రెండు వైపులా అంటించి, కత్తిరించి స్లాటులో దించి చూశాను. అట్ట 1.6 మిల్లీమీటర్ల బోర్డంత మందం ఉండదు, రెండు శుభలేఖలు కలిపితే సరిగ్గా సరిపోయింది. ఆ అట్ట చేతిలో పట్టుకుని ఒక్కో పన్నూ లెక్కపెడుతుంటేనే ఇంకో తప్పు దొరికింది. స్లాటులో వచ్చే రీసెట్ తీగ పైకి లేస్తే రీసెట్ అని, కాంపాక్ట్‌ఫ్లాష్‌కి కిందికి దిగితే రీసెట్ అని అర్థం. మధ్యలో తిరగేసే గేటు పెట్టకపోతే కార్డు జన్మంతా రీసెట్‌లోనే పడి ఉంటుంది. దాన్ని పట్టుకున్న గర్వంలో మిగతా సర్క్యూట్ మళ్లీ చూడలేదు.

బోర్డులు ఐదుకి తక్కువ చేయరు. ఆ ఐదింటి ధర కన్నా కొరియరూ, కస్టమ్సూ కలిపి ఎక్కువైంది. పళ్ల అంచుని ఏటవాలుగా కోసి ఇవ్వడానికి విడిగా డబ్బులడిగారు. అది వద్దని ఇంట్లోనే ఆకురాయితో నున్నగా అరగదీశాను. అరగంట పని.

చిప్పుల కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. కాలేజీ రోజుల్లో ప్రాజెక్టు పార్టులన్నీ అక్కడే కొనేవాళ్లం, ఆ వీధిలోకి అడుగుపెడితే ఇప్పటికీ వయసు తగ్గినట్టుంటుంది. 245, 138, 04 నెంబర్ల చిప్పులు ఉన్నాయి. 688 అనగానే షాపాయన నవ్వాడు. "గదెవరు అడుగుతున్నరు సార్ ఇప్పుడు? రిపేరోళ్లు గూడ అడుగుతలేరు." పై అరలోని డబ్బాలు దించి, నా కోసమే అన్నట్టు అడుగున పడి ఉన్న నాలుగు తీశాడు. కాళ్లు నల్లబడ్డాయి. రబ్బరుతో రుద్దితే తెల్లబడ్డాయి.

245 దగ్గర కాస్త వాదన జరిగింది. ఆయన హెచ్‌సీ రకం ఇచ్చాడు, నాకు హెచ్‌సీటీ కావాలి. "అంతా ఒక్కటే సార్." ఒక్కటి కాదు. 5 వోల్టుల దగ్గర హెచ్‌సీ చిప్పు 3.5 వోల్టులు వస్తేనే ఒకటి అని ఒప్పుకుంటుంది. పాత టీటీఎల్ చిప్పులు 2.4 ఇచ్చి ఇదే ఒకటి అంటాయి. హెచ్‌సీటీ అయితే 2 వోల్టులకే ఒప్పుకుంటుంది. హెచ్‌సీ పెట్టినా చాలాసార్లు పనిచేస్తుంది, అదే దాంతో తంటా. ఏ ఎండాకాలం మధ్యాహ్నమో మొరాయిస్తే కారణం ఎక్కడని వెతుకుతాం? మూడు షాపులు తిరిగి హెచ్‌సీటీయే తెచ్చుకున్నాను. కాంపాక్ట్‌ఫ్లాష్ సాకెట్ కాళ్లు నా కంటికి ఆనవు కాబట్టి, 40 పిన్నుల ఐడీఈకి కలిపే చిన్న అడాప్టర్ రెడీమేడ్‌గా కొని నా బోర్డు మీద గుచ్చేలా పెట్టుకున్నాను. కార్డు మా పాత డిజిటల్ కెమెరాలోది, 512 ఎంబీ.

టంకం పని ఒక్క సాయంత్రం. ముందు సాకెట్లు, ప్రతి చిప్పు పక్కన ఒక 104 కెపాసిటర్, చివర్లో జంపర్లు. ఇక మిగిలింది బోర్డు మీద ఉండే బయోస్, అంటే డిస్కుతో ఎలా మాట్లాడాలో పీసీకి చెప్పే ప్రోగ్రాము. పీసీ ఆన్ అయ్యాక తన పరీక్షలు ముగించుకుని, సీ8000 అడ్రసు నుంచి పైకి రెండేసి కేబీల అంగలతో వెతుకుతుంది. ఎక్కడైనా 55, ఏఏ అనే రెండు బైట్లు వరసగా కనిపిస్తే అక్కడొక రోమ్ (కరెంటు పోయినా చెరగని ప్రోగ్రాముండే చిప్పు) ఉందని అర్థం. మూడో బైటులో దాని పొడవు ఉంటుంది. మొత్తం బైట్లన్నీ కూడితే చివరి రెండు హెక్స్ అంకెలు సున్నా రావాలి. వస్తే దాన్ని పిలుస్తుంది. ఆ కాలం పీసీకి తెలియని డిస్కుని ఇవాళ తగిలించగలిగేది ఈ దారిలోనే. ఇందులో పెట్టడానికి ఎక్స్‌టీఐడీఈ యూనివర్సల్ బయోస్ అని జీపీఎల్ లైసెన్సులో ఉచితంగా దొరుకుతుంది. దాని ఎక్స్‌టీ రకం 8 కేబీల 28సీ64 చిప్పులో పడుతుంది. ఆ చిప్పులు కొత్తవి దొరక్క ఎక్కడినుంచో పీకినవి మూడు తెప్పించాను. ఒకటి అసలు రాయనే లేదు, రెండోది రాసింది.

పాత డిస్కు కంట్రోలర్ రోమ్ కూడా సీ8000లోనే ఉంటుంది కనుక దాన్ని తీసి పక్కన పెట్టి, నా బోర్డు దించి, స్విచ్ వేశాను. మెమరీ లెక్క 640 దాకా వెళ్లింది. ఒక్క క్షణం ఆగి, కొత్త బయోస్ పేరు పడింది. కింద "మాస్టర్ ఎట్ 300" అని, ఆ పక్కన నా కెమెరా కార్డు పేరు! పక్కగదిలో నిద్రపోతున్న మా ఆవిడని లేపి చూపించాను. "బాగుంది, పడుకోండి" అంది.

పొద్దున్నే మళ్లీ ఆన్ చేస్తే పేరు లేదు.

ఆఫ్ చేసి ఆన్ చేస్తే వచ్చింది. మళ్లీ చేస్తే పేరు సగం వరకు సరిగ్గా ఉండి మిగతాది చెత్త. ఆ తర్వాత రెండు వారాలు ఏం చేశానో రాస్తే నాకే విసుగు. కాంపాక్ట్‌ఫ్లాష్ మార్చాను. స్లాటు మార్చాను. పళ్లు రబ్బరుతో తుడిచాను. 245 మార్చాను. ఎస్ఎంపీఎస్ 5 వోల్టుల తీగ మీద ఇంకో పెద్ద కెపాసిటర్ వేశాను. ఒక్కోటీ చేసినప్పుడల్లా కాసేపు బాగుపడినట్టే ఉండేది. ఫ్లాపీతో బూట్ అయ్యి, అదృష్టం బాగున్నప్పుడు డిస్కుని భాగాలు చేసే ఎఫ్‌డిస్క్ నడిపి ఫార్మాట్ మొదలుపెడితే, ఏ నాలుగో సిలిండర్ దగ్గరో ఆగిపోయేది. ఒకట్రెండు సెక్టర్లు చదవమంటే చదివేది, పెద్ద ఫైలంటే చతికిలబడేది.

ఒక్క విషయం మాత్రం మింగుడు పడలేదు. టర్బో బటను నొక్కి 8 మెగాహెర్ట్జ్‌లో నడిపితే తప్పులు తగ్గేవి. సిగ్నల్ బాగోలేకపోతే వేగం పెంచినప్పుడు తప్పులు పెరగాలి గదా. ఇది తిరగబడింది. అంటే నా తీగల్లో దడదడ కాదు, ఇంకెవరో గడియారం పెట్టుకుని వచ్చి చెడగొడుతున్నారు. పని త్వరగా ముగిస్తే వాళ్లకి చిక్కం, నెమ్మదిగా చేస్తే చిక్కుతాం. ఇంత స్పష్టంగా అప్పుడు తోచలేదు, ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఇలా వస్తోంది. అప్పుడు తోచిందల్లా లాజిక్ ఎనలైజర్ కొనాలని.

ఎనిమిది తీగలున్న చవక రకం, యూఎస్‌బీకి తగిలించేది కొన్నాను. పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ ఉచితమే. 688 ఫలితం ఒక తీగకి, చదివే సిగ్నల్ ఒకదానికి, రాసే సిగ్నల్ ఒకదానికి, మిగతావి అడ్రసులకి. ఫ్లాపీతో బూట్ చేసి, ఏ డ్రైవు ప్రాంప్టు దగ్గర ఏమీ చేయకుండా వదిలేశాను. నా బోర్డుని ఎవరూ పిలవని సమయం అది. కీబోర్డు మీద చెయ్యి కూడా లేదు. "688 ఎంపికై, రాసే సిగ్నల్ కూడా దిగితే పట్టుకో" అని పెట్టాను.

వెంటనే పట్టుకుంది.

ఎవరో నా బోర్డులోకి రాస్తున్నారు. ఒకసారి కాదు, వరసగా 32 సార్లు. ఒక్కో రాతకీ మధ్య 15 మైక్రోసెకన్లు. తర్వాత నిశ్శబ్దం. సుమారు 15 మిల్లీసెకన్లు గడిచాక మళ్లీ 32. మళ్లీ నిశ్శబ్దం. అడ్రసు తీగలు చూస్తే 300, 301, 302 అంటూ బుద్ధిగా వరసలో 31ఎఫ్ దాకా పోతున్నాయి. కాఫీ చల్లారిపోయింది. 15 మైక్రోసెకన్లు అనే అంకె ఎక్కడో చదివాను, ఎక్కడో గుర్తు రావడం లేదు. చివరికి ఐబీఎం ఎక్స్‌టీ టెక్నికల్ రిఫరెన్స్ తెరిచి టైమర్ పేజీ చూస్తే ఉంది.

డైనమిక్ ర్యామ్ చిల్లు కుండ లాంటిది. పోసిన నీళ్లు కారిపోతూ ఉంటాయి, మళ్లీ మళ్లీ పోస్తూ ఉండాలి. ఒక వరసని చదివితే చాలు, చదవడమే దానికి పోయడం. ఆధునిక మెషీన్లలో దానికి వేరే ఏర్పాట్లుంటాయి. 1981లో ఐబీఎం వాళ్లు ఉన్నవాటితోనే సరిపెట్టారు. 8253 టైమర్లో ఒకటో ఛానల్ 1.193 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 18కోసారి లెక్కపెడుతుంది, అంటే దాదాపు 15.1 మైక్రోసెకన్లకోసారి. అప్పుడల్లా 8237 డీఎంఏ చిప్పు సున్నా ఛానల్‌ని తడుతుంది. ఆ చిప్పు ప్రాసెసర్ని ఒక్క క్షణం ఆపి, బస్సు తన చేతిలోకి తీసుకుని, తర్వాతి అడ్రసు నుంచి ఒక బైటు చదివినట్టు చేసి, వదిలేస్తుంది. ఆ బైటు ఎవరికీ అక్కర్లేదు. కానీ డీఎంఏ చిప్పుకి ఆ సంగతి తెలీదు. దాని దృష్టిలో ఇది మెమరీలోంచి తీసి ఏదో పరికరానికి ఇచ్చే పని. అందుకని మెమరీ చదివే సిగ్నల్‌తో పాటు పోర్టుకి రాసే సిగ్నల్ కూడా దించుతుంది.

సరిగ్గా ఆ సమయంలో స్లాట్లన్నిటికీ "ఈ అడ్రసు మీది కాదు, పలకొద్దు" అని చెప్పడానికే ఏఈఎన్ పైకి లేస్తుంది. ఆ మాట వినే చెవిని నేను నేలకి కలిపేశాను.

రిఫ్రెష్ అడ్రసు ఒక్కోటి చొప్పున పెరుగుతూ పోతుంది. నా బోర్డు చూసేది కింది పది బిట్లే కాబట్టి 1024 రిఫ్రెష్‌లకోసారి ఆ లెక్క 300 దగ్గరికి వస్తుంది. 1024ని 15.1తో గుణిస్తే 15 మిల్లీసెకన్ల పైచిలుకు. అక్కడి నుంచి 32 అడ్రసుల పాటు ఆ క్షణాన డేటా తీగల మీద ఏముంటే అది నా డిస్కు రిజిస్టర్లలో పడుతోంది. సెక్టర్ నెంబరులో, సిలిండర్లో, ఆఖరికి కమాండు రిజిస్టర్లో కూడా. అక్కడ హెక్స్ 30 పడితే డిస్కు దాన్ని "సెక్టర్ రాయి" అనే ఆజ్ఞ అనుకుంటుంది. సెక్టరు పని రెండు గుత్తుల మధ్య ఖాళీలో ముగిస్తే గట్టెక్కుతుంది, పెద్ద ఫైలైతే ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది. టర్బోలో తప్పులు ఎందుకు తగ్గాయో కూడా అదే. నేను డీఎంఏ వాడనన్నది నిజమే. పక్కనున్న మెమరీ సెకనుకి 66 వేల పైచిలుకు సార్లు వాడుతోంది, మెషీను ఖాళీగా ఉన్నా సరే. వరండాలో మావయ్య ముందు 1701 చూపించి ఊరుకున్నప్పుడు కూడా వాడుతూనే ఉంది.

బాగుచేయడానికి పట్టింది పది నిమిషాలు. 688ని సాకెట్లోంచి తీసి, ఒకటో కాలు పైకి వంచి, మిగతావి మళ్లీ గుచ్చి, పైకి లేచిన కాలు నుంచి ఏ11 పన్ను మొదటికి సన్నటి నీలం తీగ ఒకటి టంకం వేశాను. బోర్డు మీద అదొక్కటే వికారంగా కనిపిస్తుంది. మిగిలిన నాలుగు బోర్డులకీ అదే గతి. రెండో వెర్షన్ చేయించే ఉద్దేశం నాకు లేదు, ఆ తీగని అలాగే ఉండనిస్తాను. ఆ రాత్రి ఇరవైసార్లు ఆఫ్, ఆన్ చేశాను. ఇరవైసార్లూ కెమెరా కార్డు పేరు అక్షరం తేడా లేకుండా వచ్చింది. ఈసారి ఎవర్నీ లేపలేదు.

ఆ తర్వాతివి చిన్న చిన్న తలనొప్పులు. డాస్ 3.30 ఒక పార్టిషన్‌కి 32 ఎంబీ దాటనివ్వదు. 512లో 32 వాడుకుని తక్కినది వదిలేశాను, మిల్లుకి అదే ఎక్కువ. ఎఫ్‌డిస్క్, ఫార్మాట్ అన్నీ సజావుగా అయ్యాక కూడా సొంతంగా బూట్ కాలేదు. కార్డు మొదటి సెక్టర్లో కెమెరా రాసుకున్న గుర్తు అప్పటికే ఉంటే, ఎఫ్‌డిస్క్ దాన్ని గౌరవించి తన బూట్ కోడు రాయదు. కార్డుని లినక్స్ ల్యాప్‌టాప్‌కి తగిలించి డీడీ కమాండుతో మొదటి సెక్టర్ సున్నాలతో తుడిచి, మళ్లీ మొదటి నుంచి చేస్తే సీ ప్రాంప్టు వచ్చింది. చప్పుడు లేకుండా.

ఇక గుమాస్తా గారి ఫ్లాపీలు. గోదావరి జిల్లాల తేమ సంగతి తెలిసిందే, ఫ్లాపీ కిటికీలోంచి చూస్తే బూజు మచ్చలు. అలాగే పెడితే డ్రైవు తల పాడవుతుంది, ఫ్లాపీ కూడా గీసుకుపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో కిటికీలోంచి మెల్లగా రుద్దుతూ, మధ్య రంధ్రంలో వేలు పెట్టి కొంచెం కొంచెం తిప్పుతూ, రెండు వైపులా. తొమ్మిదింటికీ చేశాను. రిస్టోర్ కమాండుకి వరస తప్పకూడదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు చకచకా దిగాయి. ఆరు దగ్గర ఆగింది. తీసి మళ్లీ తుడిచి, డ్రైవు తల కూడా తుడిచి మళ్లీ మొదటి నుంచి. మళ్లీ ఆరు దగ్గరే. నాలుగోసారికి డ్రైవు చాలాసేపు టకటకలాడి, ఇక ఆపేస్తుందేమో అనుకుంటుండగా, "7వ ఫ్లాపీ పెట్టండి" అని అడిగింది.

ఉగాదికి మెషీన్ని మళ్లీ వెనక సీట్లో బెల్టు కట్టి తీసుకెళ్లాను. అదే వరండా, అదే బల్ల. మావయ్య కళ్లజోడు తుడుచుకుని కూర్చున్నాడు. డీబేస్‌లో చుక్క ప్రాంప్టు రాగానే నేను చెప్పబోయేలోపే ఆయనే రెండు వేళ్లతో యూజ్ అని కొట్టి, ఫైలు పేరు దగ్గర నా వైపు చూశాడు. ఆ పేరు చెప్పాను. తర్వాత లిస్ట్ అని ఆయనే కొట్టాడు.

తేదీలు, పేర్లు, బస్తాలు, బాకీలు. పచ్చటి వరసలు పైకి జరుగుతూ పోయాయి. పేరుకి గుమాస్తా గారు పదహారక్షరాల చోటే పెట్టారు, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. గోదావరి జిల్లా పేర్లు పదహారక్షరాల్లో పడతాయా? వెంకట సత్యనారాయణలందరూ "వెంకట సత్యనా" దగ్గర తెగిపోయారు. ఒకే తెరలో అలాంటివాళ్లు నలుగురు.

"ఆపరా, ఆపు," అన్నాడు మావయ్య. ఒక్కో వరస మీద వేలు పెట్టాడు. "నూట పన్నెండు బస్తాలంటే కాలవగట్టు ఆయన. ఈ ముప్పై బస్తాలు బడి పక్కన ఉండే పొడుగాయన. ఈయన..." బాకీ గడిలో అంకె దగ్గర ఆగి కళ్లజోడు సవరించుకున్నాడు. "వీడు ఇప్పటికీ ఇవ్వలేదురా ఇది. మొన్న పెళ్లిలో పక్కనే కూర్చుని పులిహోర తిన్నాడు."

అత్తయ్య లోపల్నుంచి నవ్వడం వినిపించింది.

"దీన్ని కాగితం మీద తీయొచ్చా?" అన్నాడు మావయ్య, ఇంకా ఆ అంకెనే చూస్తూ. "ప్రింటరు కూడా అటక మీదే ఉందనుకుంటా. చూడరాదూ ఒకసారి."